డీసీఎం వ్యాన్ (సరుకుల బండి) గుద్దింది, ఇన్సూరెన్స్ వాళ్లు సగం తప్పు మీదే అంటున్నారు, ఒప్పుకోవాలా?

సాగర్‌రోడ్_శ్రీను | ఆగస్టు 11, రాత్రి 10.42

అందరికీ నమస్తే. పెద్ద పోస్టు, ఓపిక చేసుకొని చదవండి.

ఏప్రిల్ చివర్లో ఒక ఆదివారం రాత్రి ఏడున్నరకి అమ్మా నాన్నా ఇబ్రహీంపట్నంలో పెళ్లి చూసుకొని మా పాత కారులో ఇంటికి వస్తున్నారు. మాది బీఎన్ రెడ్డి నగర్ వైపు. సాగర్ హైవే మీద మా కాలనీకి ఎదురుగా డివైడర్‌లో ఒక గ్యాప్ ఉంది, నాన్న అక్కడ కుడికి తిప్పాడు, సగం పైగా దాటాక సిటీ వైపు నుంచి వస్తున్న డీసీఎం వచ్చి ఎడమ పక్కన గుద్దింది. నాన్నకి ఎడమ మోకాలి కింద ఎముక విరిగింది, ప్లేట్ వేశారు, ఇప్పటికీ డ్యూటీకి పోవట్లేదు. వయసు 54, హార్డ్‌వేర్ షాపులో లెక్కలు రాస్తాడు, నెలకి 28,000. అమ్మ కూడా పక్క సీట్లో ఉంది, ఆమెకీ దెబ్బలు తగిలాయి, మెల్లగా కోలుకుంటోంది.

పోలీసులు డీసీఎం డ్రైవర్ మీదే ఎఫ్‌ఐఆర్ చేశారు. కానీ మొన్న ఆ డీసీఎం ఇన్సూరెన్స్ తరఫున ఒకాయన ఇంటికొచ్చాడు. మీ నాన్న చూసుకోకుండా తిప్పాడు, ఇండికేటర్ వేయలేదు, సీటు బెల్టు పెట్టుకోలేదు, కోర్టుకి పోతే సగం కోత ఖాయం, ఏళ్ల తరబడి తిరుగుతారు, మూడు లక్షలకి రాజీ పడండి, లేదంటే ఇంకో రెండు మూడు నెలలు ఆగండి పైవాళ్లతో మాట్లాడి ఇంకొంచెం పెంచుతా అన్నాడు. సీటు బెల్టు పెట్టుకోలేదన్నది నిజమే. ఇండికేటర్ మాత్రం వేశానంటాడు నాన్న. సగం తప్పు ఉంటే సగమే ఇస్తారా? అసలు ఆ సగం ఎవరు లెక్కేస్తారు? ఇంట్లో అందరికీ ఇదే టెన్షన్.

కర్మన్‌ఘాట్_కిరణ్ | ఆగస్టు 11, రాత్రి 11.05

ఎఫ్‌ఐఆర్ డీసీఎం మీద ఉందిగా బ్రో, ఇంకేం కావాలి. పెద్ద బండిదే తప్పు, రూలు అదే. వంద శాతం వస్తుంది, ఆ మనిషిని ఇంటి గడప తొక్కనియ్యకు.

నల్లకోటు_నాగోల్ | ఆగస్టు 12, ఉదయం 6.50

కిరణ్ గారూ, పెద్ద బండిదే తప్పు అన్న రూలు ఏ పుస్తకంలోనూ లేదు, అది రోడ్డు మీద గుంపు పోగైనప్పుడు పుట్టే రూలు. శ్రీను గారికి ధైర్యం చెప్పండి కానీ ఇలా కాదు.

శ్రీను గారూ, శాతం తేల్చేది ట్రిబ్యునల్, అంటే ప్రమాద పరిహారం కేసులు చూసే కోర్టు. ఇన్సూరెన్స్ మనిషి కాదు, ఎస్సై కూడా కాదు. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166 కింద పిటిషన్ వేస్తారు, జడ్జి సాక్ష్యం చూసి గాయపడినవాడి వైపు కూడా నిర్లక్ష్యం ఉందనుకుంటే ఇంత అని ఒక శాతం పెడతారు, మొత్తం పరిహారం లెక్క కట్టాక అందులోంచి ఆ శాతం తీసేస్తారు. దీన్నే కాంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్ అంటారు. ఆరు లక్షలు రావాల్సిన చోట మీ నాన్న తప్పు 30 శాతం అని తేలితే 4,20,000 వస్తుంది. కొంచెం తప్పున్నా మొత్తం పోతుంది అనేది మన దగ్గర లేదు. పూర్తిగా తనదే తప్పయితే తప్ప చేతికి ఎంతో కొంత వస్తుంది.

ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు బలమైన కాగితాలే, కానీ అవే ఆఖరి మాట కావు, ఎదుటివాళ్లు పంచనామా స్కెచ్ చూపించి వాదిస్తారు. మీకు కలిసొచ్చేది ఏమిటంటే ఇక్కడ క్రిమినల్ కేసులో లాగా సందేహానికి తావు లేకుండా రుజువు చేయక్కర్లేదు, రెండు కథల్లో ఏది ఎక్కువ నమ్మేలా ఉందో అది చాలు. మీ నాన్న తప్పు చేశాడని వాళ్లు అంటున్నారు కాబట్టి దాన్ని నిరూపించే భారం వాళ్ల మీదే ఉంటుంది. ఆ డ్రైవర్‌ని బోనెక్కించకుండా ఊరికే కౌంటర్‌లో, అంటే కోర్టుకిచ్చే జవాబు కాగితంలో రాసేసి సరిపెట్టుకుంటే చాలాసార్లు నిలబడదు.

ఇంకో మాట, అన్నిటికంటే ముఖ్యమైనది. ఆ పెద్దమనిషి "రెండు మూడు నెలలు ఆగండి" అన్నాడు చూశారా. 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలని చట్టం. మీకు అక్టోబర్ చివరికి అయిపోతుంది. ఆ గడువు మీద సుప్రీంకోర్టులో సవాళ్లు నడుస్తున్నాయి, నిజమే, వాటిని నమ్ముకొని మాత్రం కూర్చోకండి.

సాగర్‌రోడ్_శ్రీను | ఆగస్టు 12, ఉదయం 8.15

సార్ ఆరు నెలల సంగతి నాకు అస్సలు తెలియదు. ఆయన ఎంత మర్యాదగా మాట్లాడాడో, చాయ్ కూడా తాగి వెళ్లాడు.

లోడ్‌బండి_యాదగిరి | ఆగస్టు 12, మధ్యాహ్నం 2.20

తమ్మీ, నేను పదహారేళ్ల నుంచి డీసీఎం నడుపుతున్నా, నా మాట కూడా విను, కోపం తెచ్చుకోకు. ఆ గ్యాపుల దగ్గర మీ కార్లోళ్లు ఏం చేస్తారంటే, ముందు ముక్కు దూర్చి ఆపుతారు, మేం హారన్ కొడితే ఆగినట్టే ఉంటారు, దగ్గరికి రాగానే పోనిస్తారు. లోడు మీదున్న బండి బ్రేకు తొక్కిన చోట ఆగదు, నీళ్ల ట్యాంకు నెత్తిన పెట్టుకొని ఉరికినట్టుంటది. అందుకని మొత్తం మావోడిదే తప్పు అంటే నేను ఒప్పుకోను.

అట్లని మావోడు సుద్దపూస అని కూడా అనను. నువ్వు మూడు సంగతులు కనుక్కో. రోడ్డు మీద టైర్ల గీతలు పడ్డాయా లేదా, పడకపోతే బ్రేకే తొక్కలేదన్నట్టు. కారును ఎంత దూరం ఈడ్చుకుపోయింది. దెబ్బ ముందు డోరు మీద పడిందా, వెనక డోరు మీదా. వెనక్కి పడితే మీ నాయన అప్పటికే చాలా మట్టుకు దాటేసినట్టు, డ్రైవర్‌కి కనబడేంత టైం ఉండే అన్నట్టు. బంపర్ మీద పడితే మాత్రం మీ నాయనే ఎదురుపోయినట్టు.

కర్మన్‌ఘాట్_కిరణ్ | ఆగస్టు 12, మధ్యాహ్నం 2.41

మీ డీసీఎంలు రాత్రిపూట లైట్లు లేకుండా రోడ్డు పక్కన నిలబెట్టి పడుకుంటారు, దాని గురించి కూడా చెప్పండి అన్నా.

లోడ్‌బండి_యాదగిరి | ఆగస్టు 12, మధ్యాహ్నం 2.58

మీరు రాంగ్ రూట్‌లో వచ్చి మాకే వేలు చూపిస్తారు, అది కూడా చెప్తా. వేరే పోస్టు పెట్టు, అక్కడ మాట్లాడుకుందాం. ఇక్కడ పిల్లగాడు పరేషాన్‌లో ఉన్నాడు.

సాగర్‌రోడ్_శ్రీను | ఆగస్టు 12, రాత్రి 9.30

యాదగిరన్నా థాంక్స్, నిజంగా. ఫొటోలు మళ్లీ చూశా. దెబ్బ రెండు డోర్ల మధ్య ఉన్న స్తంభం మీద, కొంచెం వెనక డోరు వైపుకే ఉంది. కారు అడ్డంగా జరిగి ఫుట్‌పాత్‌ని ఆనుకొని ఆగింది. టైర్ల గీతలు ఫొటోల్లో లేవు, పంచనామాలో కూడా రాయలేదు.

పుస్తకాలపురుగు_హిమాయత్‌నగర్ | ఆగస్టు 12, రాత్రి 10.10

శాతాలు ఎట్లా మారతాయో చూడాలంటే 2025 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి ఉంది, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. 2017లో కోయంబత్తూరులో ఒక ఇంజినీరింగ్ కుర్రాడు బైక్ మీద పోతున్నాడు, ముందున్న కారు హైవే మధ్యలో ఉన్నట్టుండి ఆగింది. కారులో ఉన్న గర్భిణికి వికారంగా ఉందని భర్త ఆపాడట. కుర్రాడు కారుని గుద్ది పడ్డాడు, వెనకొచ్చిన బస్సు కాలు మీద నుంచి పోయింది, కాలు తీసేశారు. ట్రిబ్యునల్ కుర్రాడిది 20, బస్సుది 80 అంది, కారుని వదిలేసింది. హైకోర్టు కారుకి 40, బస్సుకి 30, కుర్రాడికి 30 వేసింది. చివరికి సుప్రీంకోర్టు కారుకి 50, బస్సుకి 30, కుర్రాడికి 20 అని తేల్చింది, ముందు బండికి తగినంత దూరం పాటించలేదని, లైసెన్స్ లేదని అతని వాటా అంత. లెక్క 1.14 కోట్ల దాకా వచ్చింది, 20 శాతం పోను 91 లక్షల చిల్లర ఇవ్వమన్నారు.

అదే ప్రమాదం, అవే కాగితాలు, మూడు కోర్టుల్లో మూడు రకాల వాటాలు. కాబట్టి ఇంటికొచ్చి చాయ్ తాగుతూ "సగం ఖాయం" అనేవాడికి ఏ కోర్టు చెప్పిందో అడగాలి.

జ్యోతి_ఉప్పల్ | ఆగస్టు 13, ఉదయం 11.12

మా తమ్ముడి కేసులో కూడా ఇదే పాట పాడారు. బైక్ మీద ముగ్గురు వెళ్తుంటే వెనక నుంచి కారు గుద్దింది, ట్రిపుల్ రైడింగ్ కాబట్టి మీదీ తప్పే అన్నారు. మా వకీలు 2020లో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు చూపించాడు. ముగ్గురు ఎక్కడం చట్టం ప్రకారం తప్పే, ఫైన్ వేసుకోండి, కానీ ఆ ముగ్గురు ఉండటం వల్లే ప్రమాదం జరిగిందనో దెబ్బ పెద్దదయిందనో చూపించకుండా పరిహారం కోయడానికి లేదని అందులో ఉంది. వెనక నుంచి వచ్చి గుద్దితే ఇద్దరున్నా ముగ్గురున్నా ఒకటేగా. కోత పడలేదు. సీటు బెల్టుకి కూడా ఇదే వర్తిస్తుందా నాగోల్ సార్?

నల్లకోటు_నాగోల్ | ఆగస్టు 13, సాయంత్రం 5.35

బాగా అడిగారమ్మా. రెండు ప్రశ్నలు విడిగా చూడాలి. గుద్దుకోవడానికి ఎవరు కారణం అన్నది ఒకటి, దెబ్బ అంత పెద్దది కావడానికి ఏది కారణం అన్నది ఇంకొకటి. బెల్టు పెట్టుకోనంత మాత్రాన కారు డీసీఎం కిందకి పోదు, కాబట్టి మొదటి ప్రశ్నలో బెల్టుకి పని లేదు. రెండో ప్రశ్నలో వాదించొచ్చు, అయితే బెల్టు ఉంటే ఆ మోకాలి కింద ఎముక విరిగేది కాదని వాళ్లు చూపించాలి. పక్క నుంచి పడిన దెబ్బలో అది అంత తేలిక కాదు. హెల్మెట్ కూడా ఇంతే, కాలు విరిగినవాడికి హెల్మెట్ లేదని కోయడం ఏమిటి? తలకి దెబ్బ తగిలితే మాత్రం కొన్ని కోర్టులు కొంత కోశాయి. లైసెన్స్ లేకపోవడం కూడా దానంతట అదే నిర్లక్ష్యం కాదు, పైన చెప్పిన కోయంబత్తూరు కేసులో దూరం పాటించకపోవడంతో కలిపి చూశారు.

శ్రీను గారూ, మొదటి పోస్టులో అమ్మ సంగతి ఒక్క లైనులో దాటేశారు. దెబ్బ పడింది ఎడమ పక్కన, ఆవిడ కూర్చుంది ఎడమ పక్కన. ఆవిడకి ఏమైంది, ఏం చేస్తారు, ఆ మూడు లక్షల రాజీలో ఆవిడ కూడా ఉన్నారా?

సాగర్‌రోడ్_శ్రీను | ఆగస్టు 13, రాత్రి 11.48

సిగ్గుగా ఉంది సార్, నాన్న జీతం ఆగిపోయిందని అందరం ఆ లెక్కలోనే ఉన్నాం. అమ్మకి మూడు పక్కటెముకలు, ఎడమ భుజం విరిగాయి, భుజానికి ఆపరేషన్ అయింది, బిల్లులు నాన్నవాటికంటే అమ్మవే ఎక్కువ, 3,40,000. వయసు 48. ఇంట్లో మగ్గం వర్క్ చేస్తుంది, పెళ్లిళ్ల సీజన్‌లో బ్లౌజులు బాగా వచ్చేవి. ఇప్పుడు ఎడమ చెయ్యి భుజం పైకి లేవదు, అరగంట మగ్గం ముందు కూర్చుంటే నొప్పి. అవును, మూడు లక్షలు ఇద్దరికీ కలిపే. రెండు సంతకాలు కావాలన్నాడు. నాన్న తప్పు ఉంటే అమ్మది కూడా కోస్తారు కదా అనుకున్నాం.

నల్లకోటు_నాగోల్ | ఆగస్టు 14, ఉదయం 6.30

కొయ్యరు. దయచేసి ఆ సంతకం పెట్టకండి.

మీ అమ్మగారు స్టీరింగ్ పట్టుకోలేదు, ఆవిడ తప్పు సున్నా. మీ నాన్నది 30 అనుకోండి, డ్రైవర్‌ది 70 అనుకోండి, ఆవిడ దృష్టిలో ఇద్దరూ కలిసి తనకి నష్టం చేసినవాళ్లు. దీన్ని కాంపోజిట్ నెగ్లిజెన్స్ అంటారు, పేర్లు ఒకేలా ఉండి జనాన్ని ముంచుతున్నాయి. ఈ రెండిటికీ తేడా సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది, 2015లో ఇంకా స్పష్టంగా, ఇద్దరి తప్పుతో దెబ్బ తిన్న మూడో మనిషి మొత్తం పరిహారాన్ని ఇద్దరిలో ఎవరి దగ్గర నుంచైనా వసూలు చేసుకోవచ్చని చెప్పింది. తర్వాత వాళ్లూ వాళ్లూ వాటాలు తేల్చుకుంటారు, అది ఆవిడ తలనొప్పి కాదు. అంటే డీసీఎం ఇన్సూరెన్స్ దగ్గరే పూర్తిగా అడగొచ్చు.

రెండు వేరు వేరు పిటిషన్లు వేయించండి. ఒకే సంతకంలో ఇద్దరినీ ఎందుకు కలిపాడో ఇప్పుడు అర్థమైందా.

లెక్కలమాస్టారు_వనస్థలి | ఆగస్టు 14, ఉదయం 9.05

రిటైర్డ్ టీచర్ని, లెక్క కనబడితే చెయ్యి ఆగదు. అమ్మగారికి మగ్గం పని మీద నెలకి 12,000 అని కోర్టు ఒప్పుకుందనుకుందాం. సొంత పని చేసుకునేవాళ్లకి 40 నుంచి 50 ఏళ్ల మధ్య భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 25 శాతం కలపాలని సుప్రీంకోర్టు 2017 ప్రణయ్ సేఠి తీర్పు, అంటే 15,000. ఏడాదికి 1,80,000. ఏడాది ఆదాయాన్ని ఎంతతో గుణించాలో వయసుని బట్టి ఉంటుంది, నలభై ఎనిమిదేళ్లకి ఆ గుణకం 13, ఇది 2009 సరళా వర్మ తీర్పులోని పట్టిక. మొత్తం 23,40,000. పని చేసే శక్తి 20 శాతం తగ్గిందని తేలితే 4,68,000. దీనికి బిల్లులు 3,40,000 కలపండి, 8,08,000. నొప్పికి, మనిషి సాయానికి, తిరుగుడు ఖర్చులకి ఇంకా కలపలేదు, వడ్డీ కూడా కలపలేదు. ఇద్దరికీ కలిపి మూడు లక్షలు!

ఒక మెలిక చూడండి. డాక్టర్లు చెయ్యి 35 శాతం పోయిందని రాయొచ్చు, అది చేతి లెక్క, మనిషి సంపాదన ఎంత పోయింది అనేది వేరే లెక్క. ఈ తేడా గురించి 2010లో సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. అదే భుజం బ్యాంకు క్యాషియర్‌కి పోతే ఒక రకం, మగ్గం మీద పనిచేసే ఆవిడకి పోతే ఇంకో రకం.

జ్యోతి_ఉప్పల్ | ఆగస్టు 14, ఉదయం 10.40

మగ్గం పనికి రసీదులు ఉండవు కదా మాస్టారూ. శ్రీను, అమ్మ ఫోన్‌లో బ్లౌజుల ఫొటోలు, కస్టమర్ల మెసేజీలు, యూపీఐలో పడిన డబ్బులు ఏవీ డిలీట్ చెయ్యకండి. ఇద్దరు ముగ్గురు కస్టమర్లు వచ్చి చెప్పినా పనికొస్తుంది. అసలు ఏమీ చూపించలేకపోయినా ఇల్లు చూసుకునే ఆడవాళ్ల పనికి కూడా కోర్టులు ఆదాయం లెక్క కడతాయి, సున్నా అనరు.

కర్మన్‌ఘాట్_కిరణ్ | ఆగస్టు 14, మధ్యాహ్నం 1.15

తప్పెవరిదో చూడకుండా రెండున్నర లక్షలు ఇస్తారని ఎక్కడో చదివా, అది తీసుకొని తర్వాత కోర్టులో మిగతాది అడగొచ్చు కదా? ఈసారి అడుగుతున్నా, చెప్పట్లేదు.

నల్లకోటు_నాగోల్ | ఆగస్టు 14, రాత్రి 8.20

మంచి ప్రశ్న, మంచి మార్పు కూడా. అది సెక్షన్ 164, మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు, తప్పు నిరూపించక్కర్లేదు. కానీ అది తీసుకుంటే 166 కింద వేసిన పిటిషన్ అక్కడితో ముగుస్తుంది. తమ మీదే తప్పు గట్టిగా ఉన్నవాళ్లకి, సాక్ష్యం అసలు లేనివాళ్లకి అది మేలే. వీళ్లకి కాదు.

మెకానిక్_మలక్‌పేట్ | ఆగస్టు 15, మధ్యాహ్నం 12.02

కారు సంగతి ఎవరూ మాట్లాడలేదు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే కారు రిపేరు మీ కంపెనీ దగ్గరే క్లెయిమ్ చేసుకోవచ్చు, అక్కడ తప్పు ఎవరిదని చూడరు, నో క్లెయిమ్ బోనస్ పోతుంది అంతే. స్తంభం వంగితే బండి మళ్లీ పాత తీరుగా నడవదు, నా మాట విని అమ్మేయండి.

సాగర్‌రోడ్_శ్రీను | ఆగస్టు 15, రాత్రి 9.00

కారు ఎప్పుడో తుక్కుకింద ఇచ్చేశాం అన్నా. ఫుల్ ఇన్సూరెన్సే ఉండేది.

వకీల్ని మాట్లాడాను, వచ్చినదాంట్లో ఇరవై శాతం అడుగుతున్నాడు. ఇది మామూలేనా?

నల్లకోటు_నాగోల్ | ఆగస్టు 16, ఉదయం 6.45

జరుగుతుంది, కానీ వచ్చిన డబ్బులో వాటా మాట్లాడుకోవడానికి బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. మా వకీళ్ల కులం గురించి ఇంతకంటే చెప్పలేను. ఫీజు ఇంత అని ముందే మాట్లాడుకోండి. డబ్బు నేరుగా మీ అమ్మగారి, నాన్నగారి ఖాతాల్లోనే పడేలా చూసుకోండి.

పోలీసుల దగ్గర నుంచి ఎఫ్‌ఐఆర్, పంచనామా, స్కెచ్, ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టు, ఛార్జిషీటు కాపీలు తీసుకోండి. చుట్టుపక్కల కెమెరాల సంగతి వెంటనే చూడండి, నాలుగు నెలలయింది, చాలా చోట్ల ఎప్పుడో చెరిగిపోయి ఉంటుంది. బోనులో నాన్నగారిని బెల్టు పెట్టుకున్నారా అని అడిగితే లేదనే చెప్పాలి. అక్కడ అబద్ధమాడితే ఇండికేటర్ వేశానన్న నిజాన్ని కూడా నమ్మరు.

కేసు నడుస్తుండగా లోక్ అదాలత్‌లో మంచి మొత్తం వస్తే రాజీ పడొచ్చు, తప్పేం లేదు. అక్కడ తేలినదాని మీద మామూలుగా అప్పీలు ఉండదు, అది గుర్తుపెట్టుకొని ఇద్దరి మొత్తాలు విడిగా మాట్లాడండి.

సాగర్‌రోడ్_శ్రీను | సెప్టెంబర్ 27, రాత్రి 10.15

అప్‌డేట్ ఇస్తానన్నాను కదా. టిఫిన్ సెంటర్ కెమెరాలో పదిహేను రోజులకే చెరిగిపోతుందట, దొరకలేదు. ఎదురుగా ఉన్న పెట్రోల్ బంకు ఫుటేజీ మాత్రం పోలీసులు మొదటి వారంలోనే తీసుకొని పెట్టారు, ఛార్జిషీటుతో పాటు జత చేశారు. అందులో ఇండికేటర్ వెలుగుతూ కనబడుతోంది. నాన్న గ్యాప్‌లో ఆగకుండా తిప్పడం కూడా కనబడుతోంది. వకీలు నాన్నకి కొంత కోత తప్పదు, ఇరవయ్యో పాతికో అంటున్నాడు, నాన్న కూడా ఒప్పుకున్నాడు.

ఎల్బీనగర్ కోర్టులో రెండు పిటిషన్లు వేశాం, నెంబర్లు పడ్డాయి. అమ్మ పిటిషన్‌లో మా కారు ఇన్సూరెన్స్‌ని, కారు ఓనర్‌గా నాన్నని కూడా ప్రతివాదులుగా పెట్టాలన్నాడు వకీలు. నాన్న ఆ కాగితం చదివి, ముప్పై ఏళ్ల సంసారంలో ఇప్పుడు నా మీద కేసు వేశావా అన్నాడు. నేను చెప్తే ఎప్పుడు విన్నావు, కోర్టు నోటీసు వస్తే అన్నా వింటావేమో అంది అమ్మ.

చాయ్ తాగి వెళ్లిన ఆయన నిన్న ఫోన్ చేసి ఐదు లక్షలు అన్నాడు, ఇద్దరికీ కలిపి. ఏ వాటా ఎవరిదో విడిగా రాసి పంపమన్నాను. ఇంకా రాలేదు.

లోడ్‌బండి_యాదగిరి | సెప్టెంబర్ 28, ఉదయం 7.10

మంచిగైంది తమ్మీ, అమ్మని అడిగినట్టు చెప్పు. ఆ గ్యాపు ఇంకా అట్లనే ఉందా?

సాగర్‌రోడ్_శ్రీను | సెప్టెంబర్ 28, ఉదయం 8.02

మూసేశారన్నా, సిమెంటు దిమ్మలు పెట్టారు. ఇప్పుడు యూటర్న్ కిలోమీటరు అవతల. మా కాలనీలో సగం మంది రాంగ్ రూట్‌లో వస్తున్నారు.